ఖాలాకు చదివి వినిపించిన కథ

ఈ మధ్య నాకు మళ్లీ ఆకలి వేస్తోంది. మొన్న పొద్దున రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు తిని, ఇంకో సగం రొట్టె ఉందా అని వంటింట్లోకి తొంగి చూస్తే, మా ఆయన నా మొహం వంక చూసి, "హమ్మయ్య, నీ కథ పీడ ఒదిలింది" అన్నాడు. నిజమే, వదిలింది. చిన్న కథే. అచ్చులో ఐదారు పేజీలకు మించదు. దాని కోసం నేను పడిన యాతన పగవాళ్లకు కూడా వద్దు.

నేను రాయచూరులో చాలా ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని. బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఇంట్లో తెలుగు. రాసేది మాత్రం తెలుగులోనే. కథలు రాస్తానని మా వీధిలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చదవరు. అదీ ఒక సుఖమే. బడి గురించి, బస్సుల గురించి, తోటికోడళ్ల గురించి రాసుకున్నంత కాలం హాయిగా ఉన్నాను. బుద్ధి గడ్డి తిని, మా ఊరి దర్జీ గురించి రాయాలనుకున్నాను.

మా ఊరు తెలంగాణ సరిహద్దుకు దగ్గర. పేరు చెప్పను. మా నాన్న చిన్నప్పుడు అక్కడ ఉన్నది ఒకే ఒక్క ముస్లిం ఇల్లు. ఆ ఇంటాయన ఊరందరికీ దర్జీ. పీర్ల పండుగకు పీర్లను లేపేదీ ఆయనే. నిజాం రాజ్యం పోయి ఇండియా ఫౌజు వచ్చిన రోజుల్లో ఆయన్ను చంపేశారు. అంతకు ముందు కొన్ని నెలలు నిజాం పేరు చెప్పుకుని తుపాకులతో తిరిగిన మూకలు ఊళ్లు దోచాయి, గడ్డివాములు తగలబెట్టాయి, మనుషుల్ని కొట్టి చంపాయి. ఫౌజు రాగానే ఆ మూకలు పారిపోయాయి. పారిపోవాలని కూడా తెలియని దర్జీ దొరికాడు. చేసింది ఎవరో, అనుభవించింది ఎవరో! చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చారు, మా ఊరివాళ్లు కొందరు కలిశారు.

మా ఇంట్లో దాన్నంతా "గడబిడ" అనేవాళ్లు. ముందు జరిగిందీ గడబిడే, వెనక జరిగిందీ గడబిడే. అన్ని చావుల్నీ ఆ ఒక్క మాటలో మూటగట్టి అటక మీద పడేశారు. నాన్న ఎప్పుడైనా నోరు విప్పితే, "దర్జీని తీస్కపోయిన్రు. వాగు కాడ చంపిన్రు" అనేవాడు, అంతే. నాయనమ్మ ఆ మాట కూడా అనలేదు. అడిగితే, "పని లేదా నీకు?" అని కసిరేది.

ఆ దర్జీ కూతురే ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆమెను అలాగే పిలుస్తున్నాను. అప్పటికి ఆమె చిన్నపిల్ల. తండ్రి పోయాక తల్లి ఆమెను తీసుకుని మాన్విలో పుట్టింటికి చేరింది. ఖాలా పెళ్లీ, పిల్లలూ, ముసలితనమూ అన్నీ మాన్విలోనే. కానీ ప్రతి ఏడూ పీర్ల పండుగకు మా ఊరు వచ్చేది. ఊళ్లో ముస్లిం ఇల్లు లేకపోయినా పీర్ల పండుగ ఆగలేదు. ఒక రైతు ఇంటివాళ్లు పీర్లను లేపడం మొదలుపెట్టారు, ఇప్పటికీ లేపుతున్నారు. మా వైపు ఇందులో వింతేమీ లేదు. ఖాలా గుడ్డలో కట్టుకొచ్చిన చొంగెలనే తియ్యటి రొట్టెలు మా అందరి చేతుల్లో పెట్టి, మా ఇంట్లోనే దిగేది. నాయనమ్మ ఆమెకు చాప పరిచేది, తలకు నూనె పెట్టేది, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. నాకు అప్పుడు అందులో ఏమీ కనిపించలేదు.

ఆ కథ రాస్తానని చెప్పినప్పుడు ఖాలా తాంబూలం నములుతూ చాలాసేపు నన్ను చూసింది.

"రాయి బిడ్డా. రాసేటోళ్లు రాయకుంటే ఎట్ల? కానీ అచ్చుకిచ్చే ముందల నాకు సదివి ఇనిపియ్యి. నేను వెయ్యమంటేనే వెయ్యి" అంది.

"అట్లే ఖాలా" అన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తరవాత నన్ను నేనే తిట్టుకున్నాను.

రాశాను. ఎంత కష్టపడి రాశానో! నాకు తెలిసిన విద్యలన్నీ అందులో కుమ్మరించాను. ఆకాశం ఎర్రబడింది. కుక్కలు ఏడ్చాయి. కాకులు గుంపుగా లేచాయి. చచ్చిపోయే మనిషి కళ్లలోంచి ఒక పేజీ నడిపాను, చంపేవాడి కత్తిలోంచి ఇంకో పేజీ. కత్తి కూడా ఆలోచించింది! చివర్లో దర్జీ దాహం, దాహం అని అరుస్తాడు. ఇంటింటి ముందూ ఆగి నీళ్లడుగుతాడు. ఒక్క తలుపూ తెరుచుకోదు. ఎండిన నోటితో వాగు ఇసుకలో పడిపోతాడు. ఆ భాగం రాసి నేనే ఏడ్చాను. నా రాతకు నేనే ఏడ్చానంటే అప్పుడే అనుమానించాల్సింది.

ఖాలాకు వినిపించే లోపే హైదరాబాదులో ఒక సంపాదకుడికి పంపాను. వార్షిక సంచికలో మొదటి కథగా వేస్తానన్నాడు. "ఆ దాహం ఘట్టం చదివి రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా" అన్నాడు. ఇంకేం కావాలి? కొన్ని రోజులు నేల మీద నడవలేదు. ఖాలాకు చదివి వినిపిస్తే పని అయిపోయినట్టే అనుకుని మాన్వి బస్సెక్కాను.

ఖాలా మంచం మీద గోడకానుకుని కూర్చుంది. కోడలు టీ పెట్టి, వరండాలో కూరగాయలు తరుగుతోంది. నేను గొంతు సవరించుకుని, బడిలో పద్యం చదివినట్టు చదవడం మొదలుపెట్టాను. ఎర్రటి ఆకాశం దగ్గర ఖాలా కళ్లు మూసుకుంది. కుక్కలు ఏడ్చే దగ్గర, "కుక్కలెక్కడివి? మాపటేల గాదు గద, పొద్దుగాల. సురుక్కున ఎండ గొడుతుండె" అని మెల్లిగా అంది. నేను తల ఊపి ముందుకు పోయాను. దాహం దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకా పెంచాను.

"ఆపు" అంది ఖాలా.

ఆగాను.

"నీళ్లిచ్చిన్రు బిడ్డా."

"ఏంది ఖాలా?"

"మా అబ్బాజాన్‌కు నీళ్లిచ్చిన్రు. మీ ఇంటి ముంగటనే ఇచ్చిన్రు. మీ నాయనమ్మనే ఇచ్చింది. మా అమ్మ కొంగు పట్టుకొని గల్లీల నిలబడి నేను చూసిన."

వరండాలో కత్తిపీట చప్పుడు ఆగింది.

ఖాలా గొంతు పెంచలేదు. "మీ ఇండ్లల్ల మాకు నీళ్లెట్ల ఇస్తుండిరో నీకు తెలుసు గద. మీదికెల్లి పోస్తుండిరి, మేము దోసిలి పడుతుంటిమి. ఆ పొద్దు గూడ మీ నాయనమ్మ పొయ్యబోయింది. మా అబ్బాజాన్ దోసిలి పట్టిండు. చేతులు వణుకుతున్నై. దోసిట్ల నీళ్లు నిలుస్తలేవు, అన్ని కారిపోతున్నై. గప్పుడు మీ నాయనమ్మ చెంబే చేతికిచ్చింది. అందరు చూస్తుండంగ ఇచ్చింది. ఆయన తాగి, చెంబు మర్ల ఇచ్చిండు. మీ నాయనమ్మ ఇంట్లకు పోయి తలుపేసుకుంది. వాళ్లు తీస్కపోయిన్రు."

తరవాత నేను ఒక వెధవ మాట అన్నాను. "కథ కదా ఖాలా, కొంచెం మార్చితే చదివేవాళ్ల మనసు కరుగుతుందని..." అన్నాను.

"ఝూట్ రాస్తె కరుగుతదా? అసలుది కరగదా?" అంది. తరవాత చెయ్యి అడ్డంగా ఊపి, "నక్కో. అచ్చెయ్యకు" అంది. కోడలితో, "ఆమెకు అన్నం పెట్టు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. అంత కోపంలో కూడా అన్నం పెట్టించింది. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి మంచాన పడ్డాను. మా ఆయన విషయమంతా విని, "సుమ్నె, ఊరికే ఎందుకు బాధ? మాన్విల తెలుగు పత్రిక ఎవరు సదువుతరు? వెయ్యమను" అన్నాడు. మనిషి మంచివాడే, కథల సంగతే తెలియదు. సంపాదకుడు ఫోన్ చేస్తే ఇంకా కొంచెం చెక్కుతున్నానని చెప్పాను. వేసేయొచ్చు. ఎవరికీ తెలియదు. మెచ్చుకుంటారు కూడా. కానీ మెచ్చుకున్నవాళ్లంతా, నీళ్లు దొరక్క చచ్చిపోయిన ఒక దర్జీని గుర్తు పెట్టుకుంటారు. అలాంటి దర్జీ మా ఊళ్లో లేడు. ఉన్న దర్జీని చూసినవాళ్లలో మిగిలింది ఖాలా ఒక్కతే. ఆమె తరవాత ఈ లోకంలో ఆయన గురించి మిగలబోయేది నా ఐదారు పేజీలే. అవి అబద్ధమైతే నేను రాయకపోవడమే నయం. అదీకాక, ఖాలా నాతో మాట్లాడటం మానేస్తే ఎలా అన్న భయం ఒకటి పట్టుకుంది. అమ్మ పోయాక నన్ను "బిడ్డా" అని పిలిచే మనిషి ఆమే.

నాయనమ్మ సంగతి ఇంకో రకంగా కాల్చింది. చెంబు చేతికిచ్చిందని పొంగిపోవాలా? తలుపేసుకుందని కుమిలిపోవాలా? తలుపు తీసి ఉంచితే ఏం జరిగేదో ఎవరు చెప్పగలరు? ఇంట్లో పిల్లలున్నారు. ఇలా ఎన్నిసార్లు లెక్కలేసినా ఆ తలుపు మూసే ఉంది.

పీర్ల పండుగ వచ్చింది. ఊరు వెళ్లాను. ఆ ఏడు ఖాలా రాలేదు. మోకాళ్ల నొప్పులని కోడలు ఫోనులో చెప్పింది. నేను నమ్మలేదు. సాయంత్రం చావిడి ముందు నిప్పుల గుండం చుట్టూ మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పదం పాడుతున్నారు. దండెం మీద చీరలు ఆరేసి వచ్చిన ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని వింటున్నారు. పాడేవాళ్లలో ఒక్కరూ ముస్లిం కారు. పాడేది మాత్రం ఎక్కడో ఎడారిలో, ఎన్నో వందల ఏళ్ల కింద జరిగిన ఆ పీర్ల హత్యల గురించి. పసిపిల్లకు దాహం అనేసరికి నా పక్కనున్న ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆమెకు ఎడారి అంటే తెలియదు. మాగాణి తెలుసు, కాలువ తెలుసు.

అప్పుడు తట్టింది నాకు. ఓరి నా తెలివి తెల్లారా! నా దాహం ఘట్టం ఇక్కడిది. మా వైపు పుట్టిన పిల్లలం ఈ పాటల దాహం విని పెరుగుతాం. అన్యాయంగా ఒకరు చస్తున్నారంటే చాలు, వాళ్లకు నీళ్లు దొరకలేదని మా మనసు తనంతట తానే రాసేసుకుంటుంది. నాకు తెలియకుండానే ఆ ఎడారిని తెచ్చి మా వాగులో పరిచాను, నాయనమ్మ చేతిలోంచి చెంబు లాగేసుకున్నాను. ఇంకెవరైనా చేస్తారా ఇలాంటి పొరపాటు? మా రాయచూరు వాళ్లమే చేయగలం.

ఇంకా కూర్చుని విన్నాను, ఈసారి మేస్టారమ్మలాగా చెవులు పెట్టి. పాడేవాళ్లు కత్తి గురించి చెప్పడం లేదు. తెగిందని, చిందిందని ఒక్క ముక్క లేదు. పెళ్లికొడుకు చేతి గోరింటాకు చెబుతారు. డేరాలో ఎదురుచూసే అక్కను చెబుతారు. మనిషి లేకుండా తిరిగొచ్చిన గుర్రాన్ని చెబుతారు. గుర్రం వచ్చిందనగానే ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లు గుండె బాదుకుంటారు. దెబ్బను వాళ్లే చూసుకుంటారు, ఎవరూ చూపించక్కర్లేదు. నేను వాళ్ల దాహాన్ని దొంగిలించాను గానీ వాళ్ల పద్ధతిని నేర్చుకోలేదు. నా కథలో కత్తి ఆలోచిస్తుంది! తలచుకుంటే సిగ్గుతో నవ్వొచ్చింది. నవ్వుతుంటే పక్కనున్న ముసలమ్మ, "పీర్ల ముంగట నవ్వుతావేందే?" అని మోచేత్తో పొడిచింది.

ఇంటికొచ్చి అంతా కొట్టేశాను. కుక్కలు పోయాయి, కాకులు పోయాయి, ఎర్రటి ఆకాశం పోయింది. కొట్టేస్తుంటే ఇల్లు దులిపినంత సుఖంగా ఉంది. పొద్దున, ఎండ, పెసరకాయ కోసే రోజులు. ఊరి దర్జీ ఎవరికి ఏం కుట్టేవాడో రాశాను. పండుగకు పీర్లకు కట్టే గుడ్డలు ఎలా కుట్టేవాడో రాశాను. వాళ్లు వచ్చారని ఒక్క వాక్యం. తరవాత మా ఇంటి గడప, దోసిలి, నిలవని నీళ్లు, చెంబు. తాగి తిరిగిచ్చాడు. నాయనమ్మ తలుపేసుకుంది. ఆ తలుపు వాక్యం రాయడానికి చాలా రోజులు పట్టింది. దాని ముందు "పాపం" అని ఒకసారి చేర్చాను, తీసేశాను. "భయంతో" అని చేర్చాను, తీసేశాను. ఉత్త తలుపే మిగిల్చాను. అక్కడితో కథ ఆపేశాను. వాగు దాకా పోలేదు.

సంపాదకుడికి పంపలేదు. ముందు మాన్వి బస్సెక్కాను. ఎప్పుడూ కిటికీలోంచి వరిమళ్లు చూసుకుంటూ పోయేదాన్ని, ఆ రోజు ఏమీ కనిపించలేదు. వద్దంటే వద్దు, ఈసారి వాదించను, కాగితాలు ఆమె ముందే చించేస్తాను అనుకున్నాను. రానిస్తుందో లేదో అన్న దిగులు ఇంకో పక్క.

గడపలో అడుగు పెట్టగానే, "ఏం టీచరమ్మా, పండుగల చొంగెలు లేక అలిగినవా?" అంది ఖాలా. మోకాళ్లకు నిజంగానే కట్లు కట్టి ఉన్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను వట్టి అనుమానపు పీనుగను.

"మళ్లా రాసిన ఖాలా. ఇనిపిస్తా. వద్దంటే వద్దు" అన్నాను.

"సదువు."

ఈసారి పద్యంలా చదవలేదు. పేపరులో వార్త చదివినట్టు చదివాను. ఆమె కళ్లు మూసుకోలేదు, నా నోటినే చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర ఆగాను.

"అయిపాయెనా?"

"అయిపోయింది."

"ఇంకోసారి సదువు. చెంబు కాన్నించి."

చదివాను. ఖాలా కొంగుతో మొహం తుడుచుకుంది. తల రెండు వైపులా ఊపింది. ఇది కూడా వద్దనబోతోంది అనుకున్నాను.

"ఒకటి తక్కువుంది" అంది. "మర్ల ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పిండు మీ నాయనమ్మకు. ఎవ్వలకు చెప్పలే నేను. అందరు కత్తులు, రక్తాలు అంటరు. దాంట్ల ఈ మాట యాడ పెట్టాలె? ఇప్పుడు నీ దాంట్ల జాగ ఉంది."

"ఏం చెప్పిండు ఖాలా?"

"'అమ్మా, పిల్లగాని అంగీ అయింది. గుండీలే తక్కువున్నై' అన్నడు."

పిల్లగాడంటే మా నాన్న. అప్పటికి బడికి పోయే వయసు. నేను కాగితాలు ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చేశాను. ఖాలా నా వీపు మీద చెయ్యి వేసి రుద్దుతూ, "ఊకో బిడ్డా, ఊకో" అంటోంది. ఎవరి తండ్రి పోయాడు, ఎవరు ఎవర్ని ఊరడిస్తున్నారు! కోడలు టీ తెచ్చి, మా ఇద్దర్నీ చూసి, అది కింద పెట్టి తనూ కూర్చుంది.

కొంచెం తేరుకున్నాక అడిగాను. "మరి ఆ అంగీ ఏమైంది ఖాలా? నాన్న తొడుక్కున్నాడా?"

"తొడుక్కోక? మా అమ్మ కుట్టింది గద గుండీలు. మాన్వికి బండి కట్టిన్రు, సామాన్లు ఎక్కించిన్రు. మా అమ్మ మాత్రం మిషన్ కాడ కూసొని గుండీలు కుడుతుంది. మా మామ కోపం జేసిండు, ఎవ్వలకే ఇది, ఈ ఊరోళ్లకా అని. ఆయన ఒప్పుకున్న పని అన్నది మా అమ్మ. ఏడ్చుకుంట కుట్టింది. మీ నాయనమ్మను తిట్టుకుంట కుట్టింది. అబ్బబ్బ, ఎన్ని తిట్లు! తలుపేసుకున్న చేతులు పడిపోను అన్నది, నీ ఇంట్ల దీపం ఆరిపోను అన్నది. కుట్టి, దారం పండ్లతోని కొరికి, మడతపెట్టి, మీ గడప మీద పెట్టి బండెక్కింది."

చెప్పడం అయ్యాక ఖాలా టీ గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి, నా ఒళ్లోని కాగితాల వైపు గడ్డంతో చూపించింది.

"ఇగ అచ్చెయ్యి. మా అబ్బాజాన్ పేరు వెయ్యి, మా అమ్మ పేరు గూడ వెయ్యి" అంది. "తిట్లు ఇడిసిపెట్టకు. తిట్లన్ని రాయి."